తాతమ్మ పుట్టిల్లు ఎక్కడ? పాత రికార్డుల్లో ఆడవారి జాడ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్తే మగవారి వరస నాలుగైదు తరాల దాకా దొరుకుతుంది. ఆడవారి దగ్గరికి వచ్చేసరికి దారి మూసుకుపోతుంది. పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది, రికార్డులో "ఫలానా వారి భార్య" అన్నంతవరకే మిగులుతుంది. ఈసారి తీసుకున్న ప్రశ్నలన్నీ ఆ చిక్కు గురించే.

ప్రశ్న: మా నాన్నగారి నానమ్మ 1905 ప్రాంతంలో పుట్టిందని అంటారు. ఆమె పేరు తప్ప ఇంకేమీ తెలియదు. పుట్టింటివారి ఇంటిపేరు, ఊరు తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా రెండు సంగతులు విడదీసుకోండి. మీకు కావలసింది ఆమె పుట్టిల్లా, పుట్టిన ఊరా? రెండూ ఒకటే కానక్కరలేదు. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. కాబట్టి మీ తాతమ్మ తన తల్లికి తొలిచూలు బిడ్డ అయితే అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టి ఉంటుంది. తండ్రి ఊళ్ళో జనన రిజిస్టరు ఎంత వెతికినా ఆమె కనపడదు.

ఈ ఆచారమే ఇంకో రకంగా మీకు పనికొస్తుంది. తాతమ్మ తొలి సంతానం, అంటే మీ తాతగారో, ఆయన అక్కో అన్నో, ఎక్కడ పుట్టారో చూడండి. బడి అడ్మిషన్ రిజిస్టరు, ఉద్యోగం చేసినవారైతే సర్వీసు రిజిస్టరు, ఇంట్లో దాచిన జాతకం, వీటిలో దేంట్లోనైనా అత్తవారి ఊరు కాని మరో ఊరు పుట్టినచోటుగా కనపడితే అదే ఆమె పుట్టిల్లు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. రెండో బిడ్డ, మూడో బిడ్డ పుట్టిన ఊళ్ళకు ఇంత బలం లేదు.

తర్వాత ఇల్లు వెతకండి. తర్పణాలు విడిచే కుటుంబమైతే పేర్లు రాసి పెట్టుకున్న పట్టీ ఒకటి పాత పంచాంగాల మధ్యనో, పూజ పుస్తకాల్లోనో ఉంటుంది. అందులో పితృవర్గం పక్కనే మాతామహ వర్గం కూడా ఉంటుంది. మీ తాతమ్మ కొడుకు రాసుకున్న పట్టీలో మాతామహులంటే ఆమె తండ్రి, తాత, ముత్తాత. గోత్రంతో సహా మూడు తరాలు ఒక్క కాగితం మీద దొరుకుతాయి. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. ఆమె మనవడి పట్టీ చూడకూడదు, ఆయనకు మాతామహులు వేరే వంశంవారు. ఈ పట్టీలో ఇంటిపేరు సాధారణంగా ఉండదు. అయినా గోత్రం, మూడు పేర్లు చేతికొస్తే, ఆ తర్వాత కనపడే ఏ రికార్డునైనా వాటితో సరిపోల్చి చూడవచ్చు.

లగ్నపత్రిక దొరికితే అదృష్టమే. వధువు తండ్రి పేరు, ఊరు అందులో ఉంటాయి. తేదీ మాత్రం సంవత్సరం పేరుతో రాసి ఉండవచ్చు. ఆనంద నామ సంవత్సరం అంటే 1914–15 కావచ్చు, 1854–55 కావచ్చు, 1974–75 కూడా కావచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. కాబట్టి వధూవరుల వయసులను బట్టి ఏ ఆవృత్తమో తేల్చుకోవాలి.

అటక మీది ఇత్తడి, కంచు సామాను కూడా రికార్డే. సారెగా వచ్చిన బిందెలు, గంగాళాలు, కంచాల మీద ఇచ్చినవారి పేరో, పొడి అక్షరాలో, ఒక్కోసారి ఊరు, తేదీతో సహా చెక్కించేవారు. అంచు కింద, మెడ చుట్టూ, అడుగున చూడండి. చింతపండు పెట్టి గట్టిగా తోమకండి, అరిగిన గీతలు ఇంకా అరుగుతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక కాస్త బియ్యప్పిండి రాసి పైపైన తుడిచేస్తే పిండి గీతల్లో నిలిచి అక్షరాలు తేలతాయి. గదిలో దీపం తీసేసి, టార్చి పక్కవాటుగా పట్టి ఫొటో తీయండి. మొదటి అక్షరం ఇంటిపేరుది అయ్యే అవకాశం ఎక్కువ. అయితే అది ఇచ్చినవారి ఇంటిపేరు. పెళ్ళికి మేనమామ ఇచ్చిన బిందె అయితే అది తాతమ్మ తల్లి పుట్టింటివారిది అవుతుంది, తాతమ్మది కాదు.

చివరగా మేనరికం సంగతి. తాతమ్మ తన మేనత్త కొడుకును చేసుకుని ఉంటే ఆమె పుట్టింటిపేరు, ఆమె అత్తగారి పుట్టింటిపేరు ఒకటే. మేనమామను చేసుకుని ఉంటే ఆమె తల్లి పుట్టింటిపేరు, భర్త ఇంటిపేరు ఒకటే. వరసగా రెండు తరాల కోడళ్ళకు ఒకే పుట్టింటిపేరు కనపడితే ఎవరో తప్పు రాశారని కొట్టెయ్యకండి. చాలాసార్లు అది నిజమే.

ప్రశ్న: అమ్మమ్మ 1931లో పుట్టిందని తెలుసు. జనన ధ్రువీకరణ కోసం వెళ్తే ఆ పేరుతో నమోదు లేదన్నారు. రికార్డు పోయినట్టేనా?
– నరసరావుపేట

జవాబు: పోయిందని అప్పుడే అనుకోవద్దు. ఆమె పేరుతో వెతికారు కాబట్టి దొరకలేదు. పుట్టిన కొద్ది రోజుల్లోనే నమోదు చేసేవారు, అప్పటికి బారసాల కాని బిడ్డకు పేరే ఉండదు. పాత జనన రిజిస్టర్లలో చాలాచోట్ల "ఆడ" అని, తండ్రి పేరు, కులం, ఊరు మాత్రమే కనపడతాయి. అందుకని దరఖాస్తులో తండ్రి పేరు రాసి, ఒక్క ఏడాదికి కాకుండా 1929 నుంచి 1933 దాకా ఐదేళ్ళకు వెతకమని అడగండి. తండ్రి పేరును రెండు మూడు రూపాల్లో ఇవ్వండి. వెంకటసుబ్బయ్య అన్న మనిషి రిజిస్టర్లో సుబ్బయ్యగానో, వెంకయ్యగానో ఉండవచ్చు.

ఊరు కూడా సరిచూసుకోండి. నమోదు కాన్పు జరిగిన ఊళ్ళో జరుగుతుంది, కుటుంబం ఉండే ఊళ్ళో కాదు.

మద్రాసు రాజధానిలో 1899 నాటి మూడో చట్టం కింద ఊళ్ళలో జనన మరణాలు రాసేవారు. ఇప్పుడున్నది 1969 నాటి కేంద్ర చట్టం. దాని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి రిజిస్టర్లో వెతికించి, నమోదు నకలు తీసుకోవచ్చు. వారసులే కావాలన్న నియమం లేదు. గ్రామాధికారుల చేతిలో ఉన్న పాత పుస్తకాలు పంచాయతీలకు, తాలూకా కచేరీలకు చెదిరిపోయాయి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులు ఒకచోటి నుంచి మరోచోటికి మారాయి. కాబట్టి పంచాయతీలో లేదంటే తహసీల్దారు కార్యాలయం రికార్డు గదిలో అడగండి, అక్కడా లేకపోతే పాత తాలూకా కేంద్రంలో అడగండి. ఎక్కడా దొరక్కపోతే "నమోదు లభ్యం కాలేదు" అన్న ధ్రువపత్రం రాతపూర్వకంగా తీసుకోండి. వెతికిన సంవత్సరాలు అందులో రాయించుకోండి, మళ్ళీ అవే ఏళ్ళు వెతకాల్సిన పని తప్పుతుంది.

మరణ రిజిస్టరు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పెళ్ళయిన స్త్రీకి అందులో భర్త పేరే ఉంటుంది. వయసు కూడా అరవై, అరవై ఐదు, డెబ్బై అని చెప్పినవారు ఉజ్జాయింపుగా చెప్పిందే. దాన్నిబట్టి పుట్టిన ఏడాది లెక్కగట్టేటప్పుడు అటూ ఇటూ ఐదేళ్ళు వదులుకోండి.

ప్రశ్న: మా నానమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఎకరం పొలం ఇచ్చారని విన్నాం. ఆ పొలం ఎప్పుడో అమ్మేశారు, కాగితాలు లేవు. దీన్ని పట్టుకుని పుట్టింటి వివరాలు రాబట్టవచ్చా?
– కాకినాడ

జవాబు: ఆడవారి పుట్టిల్లు పట్టుకోవడానికి రిజిస్ట్రేషన్ దస్తావేజును మించిన సాధనం లేదు. భూమి కోసం రాసిన కాగితం కాబట్టి మనిషి ఎవరో తేల్చి చెప్పడం అందులో తప్పనిసరి. పసుపు కుంకుమల దస్తావేజు ఎత్తుగడ సాధారణంగా ఇలా ఉంటుంది: ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారి భార్య అయిన ఫలానా అమ్మగారికి, ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారి కుమారుడు ఫలానా అతను వ్రాయించి ఇచ్చిన దఖలు దస్తావేజు, "నీవు నా కుమార్తెవు అయినందున", లేదా "నా తోడబుట్టిన దానవైనందున". ఆ ఒక్క వాక్యంలోనే రెండు ఇంటిపేర్లు, రెండు ఊళ్ళు, బంధుత్వం వచ్చేస్తాయి.

పట్టుకునే పద్ధతి ఇది. పొలం ఉన్న ఊరు ఆ కాలంలో ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కిందికి వచ్చేదో ముందు తెలుసుకోండి. ఇప్పటి ఆఫీసు ఆ తర్వాత ఏర్పడినది కావచ్చు, అప్పుడు పాత పుస్తకాలు మాతృ ఆఫీసులోనే ఉండిపోతాయి. స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు ఒకటో పుస్తకంలో ఉంటాయి. దానికి రెండు సూచికలు. ఇండెక్స్ 1 మనుషుల పేర్లతో, ఇండెక్స్ 2 ఊరు, సర్వే నంబర్లతో ఉంటుంది. సర్వే నంబరు తెలిస్తే ఇండెక్స్ 2 తేలిక. తెలియకపోతే ఇండెక్స్ 1లో నానమ్మ పేరు వెతకాలి. రాసిచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ అందులోకి ఎక్కుతారు. ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ కింద ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు ఉండే మూడో పుస్తకానికి ఈ వెసులుబాటు అలాగే వర్తించదు. రాసినవారు చనిపోయాకనే ఇతరులు దాని నకలు అడగగలరు.

ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి "ఏమీ రాలేదు" అని చాలామంది నిరాశపడతారు. ఆన్‌లైన్ సమాచారం 1983 నుంచే మొదలవుతుంది. అంతకు ముందు కాలానికి ఆఫీసులో చేతితో వెతికే ఈసీకి దరఖాస్తు పెట్టాలి. ఎన్నేళ్ళకు వెతకాలంటే అంత రుసుము, కాబట్టి పెళ్ళయిన ఏడాది ఉజ్జాయింపుగా తేల్చుకుని, దానికి ముందు రెండేళ్ళు, తర్వాత పదేళ్ళు అడగండి. పసుపు కుంకుమల పొలం పెళ్ళినాడు నోటిమాటగా ఇచ్చి, చాలాకాలానికి కాగితం రాసిన కుటుంబాలున్నాయి. అసలు కాగితమే రాయని కుటుంబాలూ ఉన్నాయి. అలా రాయకపోతే, ఆ పొలం నానమ్మ అమ్మినప్పుడు రాసిన క్రయ దస్తావేజు చూడండి. "నాకు నా తండ్రిగారివల్ల సంక్రమించి నా స్వాధీనానుభవంలో యున్న" అని హక్కు ఎలా వచ్చిందో అక్కడ చెప్పక తప్పదు.

మరో రకం కాగితం హక్కు విడుదల దస్తావేజు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక తండ్రి చనిపోతే ఆయన వాటాలో కూతుళ్ళకూ హక్కు ఏర్పడింది. అందుకని అన్నదమ్ములు పొలం అమ్ముకునేటప్పుడు, పంచుకునేటప్పుడు అక్కచెల్లెళ్ళతో సంతకాలు పెట్టించుకోవడం మొదలైంది. ఆ కాగితంలో అక్కచెల్లెళ్ళందరూ భర్తల పేర్లతో, అత్తవారి ఊళ్ళతో వరసగా ఉంటారు. నానమ్మ పేరుతో ఏదీ దొరక్కపోతే ఆమె అన్నదమ్ములు రాసిన కాగితాల్లో ఆమెను వెతకండి.

నకలు చేతికి వచ్చాక అడుగు దాకా చదవండి. సాక్షుల్లో అన్నదమ్ములు, మేనమామలు ఉంటారు. చెక్కుబందిలో, అంటే హద్దుల వివరంలో, తూర్పు పొలం ఎవరిది, ఉత్తరం ఎవరిది అని రాసినప్పుడు అవి తరచు దాయాదులవే, అంటే అదే ఇంటిపేరువారు. చదవడంలో రెండు ఇబ్బందులుంటాయి. గొలుసుకట్టు రాతలో కలం ఎత్తకుండా మాటలన్నీ కలిపి రాస్తారు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. అలాంటప్పుడు ముందు మీకు తెలిసిన మాటలు, అంటే ఊరి పేరు, "కాపురస్తులు", "కుమారుడు" వంటివి గుర్తుపట్టి, ఆ రాతగాడి "మ", "య", "వ", "ప" ఎలా ఉన్నాయో పక్కన రాసుకోండి. ఆ అక్షరాలతో తెలియని పేరును పోల్చండి. రెండోది తెలుగు అంకెలు. ౨, ౩ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. తేదీ అనుమానంగా ఉంటే దస్తావేజు నంబరును దాని ముందు వెనకల నంబర్లతో పోల్చి చూడండి.

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. నాయనమ్మ తల్లిగారి ఊరు కూడా ఈ చుట్టుపక్కలదే అంటారు. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి, తేదీల లెక్క అర్థం కావడం లేదు.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నిజాం కాలపు కాగితాల్లో ఉండేది ఎక్కువగా ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల ఏడాది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. 1330 ఫసలీ అంటే 1920 అక్టోబరు నుంచి 1921 అక్టోబరు దాకా. మద్రాసు రాజధాని జిల్లాల్లోనూ ఫసలీ ఉంది గానీ అక్కడ జూలై 1న మొదలయ్యేది. కోదాడ అటు ఇటు కుటుంబాలకు రెండు లెక్కలూ ఎదురవుతాయి. కాగితం మీద ఉన్నది ఫసలీయా, హిజ్రీయా అన్నది అన్నిటికన్నా ముందు చూడండి. 1330 హిజ్రీ 1911 డిసెంబరులో మొదలవుతుంది. హిజ్రీని ఫసలీ అనుకుంటే తొమ్మిదేళ్ళు తప్పిపోతారు, ఆ తేడాలో కూతురు తల్లిగా మారిపోతుంది.

భూమి రికార్డుల్లో సేత్వార్ (మొదటి సర్వే సెటిల్‌మెంటు రికార్డు), 1954–55 నాటి ఖాస్రా పహాణీ (పహాణీ అంటే సర్వే నంబర్లవారీ గ్రామ లెక్క), ఆ తర్వాతి 1955–58 చేసాల పహాణీ ముఖ్యం. వీటిలో పట్టాదారు పేరు, తండ్రి పేరు ఉంటాయి. తల్లిగారి ఊరు ఫలానాది అని అనుమానం ఉంటే, ఆ ఊరి ఖాస్రా పహాణీలో నాయనమ్మ అన్నదమ్ముల పేర్లు, వారి తండ్రి పేరు ఉన్నాయేమో చూడడం దగ్గరి దారి. పట్టాదారు చనిపోయాక వారసుల పేర పట్టా మార్చిన విరాసత్ ఫైలు దొరికితే ఇంకా మేలు. వారసుల వాంగ్మూలం, ఒక్కోసారి వంశవృక్షం అందులో ఉంటాయి. ఇనాం, వతను (వంశపారంపర్య పదవికి ఇచ్చిన) భూములున్న కుటుంబమైతే ఆ హక్కును ఖాయం చేసిన ముంతఖబ్ అనే పత్రం కోసం అడగండి. సంస్థానం పైస్థాయి కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

చదివించడానికి ఉర్దూ వచ్చిన ఎవరైనా చాలరు. ఈ రాత శికస్తా, చుక్కలు వదిలేసి విరిచి రాసేది. పాత రెవెన్యూ కాగితాలు చదివే అలవాటున్న అనువాదకుడి దగ్గరికి వెళ్ళండి. తెలుగు ఇంటిపేర్లు ఉర్దూ లిపిలో అచ్చులు కోల్పోతాయి. ఒకే రాతను కొండూరి, కందూరి, కుందూరు అని మూడు రకాలుగా చదవవచ్చు. ఆ మూడూ రాసిమ్మని అనువాదకుణ్ణి అడగండి, ఊళ్ళో ఉన్న ఇంటిపేర్లతో మీరు సరిపోల్చుకోండి.

ప్రశ్న: దక్షిణాఫ్రికాలో ఉన్న స్నేహితురాలి కుటుంబం తెలుగువారే. ముత్తాత, ఆయన భార్య నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళారు. వారి ఊరు, ఆమె పుట్టింటివారి వివరాలు ఇక్కడ వెతికిపెట్టమని అడుగుతోంది. సాధ్యమేనా?
– విశాఖపట్నం

జవాబు: ఊరు దాకా చాలావరకు సాధ్యం. ఆమె తండ్రి పేరు కూడా దొరకవచ్చు. ఇంటిపేరు చాలా కష్టం.

మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి వెళ్ళి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా సుమారు లక్షా యాభై రెండు వేలమంది వెళ్ళారు, వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారే. ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చి ఓడ జాబితాలో ఎక్కించారు. ఈ జాబితాలు డర్బన్‌లో ఉన్నాయి. క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాటి వివరాలను అందుబాటులో పెట్టింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా లేదా ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఇవీ అందులోని గళ్ళు.

అన్నిటికీ తాళంచెవి ఆ నంబరే. పేరుతో వెతికితే అదే పేరువాళ్ళు వందల్లో వస్తారు. కుటుంబం దగ్గరున్న పాత పెళ్ళి పత్రం, మరణ నోటీసు, పిల్లల జనన పత్రాలు ముందు చూడమనండి. తల్లిదండ్రుల నంబర్లు వాటి మీద వేసి ఉండే అవకాశం ఉంది. మరణ నోటీసులో పుట్టినచోటు, తల్లిదండ్రుల పేర్ల గళ్ళు కూడా ఉంటాయి. వాటిని నింపింది పిల్లలు కాబట్టి "మద్రాస్" అని రాసి వదిలేసినవి చాలా. అది ఓడ ఎక్కిన రేవు, పుట్టిన ఊరు కాదు.

ఆమె సంగతి ప్రత్యేకంగా చూడాలి. భార్యకు భర్త పక్కనే వేరే నంబరు ఉంటుంది. ఆమె వరసలో తండ్రి పేరు గడి నింపి ఉందేమో చూడండి. చాలామంది కుటుంబ పెద్ద వరస ఒక్కటే చదివి ఆపేస్తారు. ఇద్దరి ఊళ్ళు వేరువేరుగా రాసి ఉంటే ఆమె ఊరు పుట్టిల్లు కావచ్చు. నంబర్లు దూరంగా ఉంటే, ఓడలు వేరైతే, వారి పెళ్ళి నటాల్‌లోనే జరిగి ఉండవచ్చు. అప్పుడు ఆమె ఒంటరిగానో, తల్లిదండ్రులతోనో వచ్చి ఉంటుంది. తల్లిదండ్రులతో వచ్చి ఉంటే అదే ఓడలో వాళ్ళ వరసలు కూడా ఉంటాయి.

ఇంటిపేరు గడి జాబితాలో లేదు. నాయుడు, రెడ్డి అన్న కులనామాలు, తండ్రుల వ్యక్తిగత పేర్లు అక్కడ తర్వాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. అప్పలసామి అన్నది ఇప్పుడు వారి ఇంటిపేరైతే, అది మన వైపు ఇంటిపేరుగా ఎంత వెతికినా దొరకదు. ఒక పూర్వీకుడి పేరు అప్పలసామి అన్నంతవరకే దాని అర్థం.

ఇక ఊరు గుర్తుపట్టడం. ఆనాటి ఇంగ్లీషు రాతలో చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం భీమునిపట్నం, కొకనాడ కాకినాడ, ఎల్లూర్ ఏలూరు, బెజవాడ విజయవాడ, మసూలిపటం మచిలీపట్నం. చిన్న ఊళ్ళ పేర్లను గుమాస్తా చెవికి వినపడ్డట్టు రాశాడు. గట్టిగా పైకి చదవండి, తెలుగు పేరు చాలాసార్లు చెవిలో పడుతుంది. ఊరి పేరు చివరి భాగం ప్రాంతాన్ని పట్టిస్తుంది. "వలస" అయితే విజయనగరం, శ్రీకాకుళం వైపు, "లంక" అయితే గోదావరి, కృష్ణ ఒడ్డున, "పాడు" అయితే కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపు ఎక్కువ. కొత్తవలస, రామాపురం వంటి పేర్లు తాలూకాకు ఒకటైనా ఉంటాయి, అందుకని తాలూకా గడి సరిపోలకుండా ఊరు ఖాయం చేయకండి.

ఊరు తేలాక అక్కడి రెవెన్యూ రికార్డుల్లో 1900కు ముందు పేర్లు దొరుకుతాయన్న ఆశ తగ్గించుకోండి. విశాఖ జిల్లాలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కింద ఉండేది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకనే అక్కడ రైతువారీ సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. ఆ ఊళ్ళో అదే కులం పెద్దలను కలిసి, ఇంట్లోంచి ఎవరైనా "నటాలు" వెళ్ళారన్న మాట వినపడిందేమో అడగడం మిగిలిన దారి.

మారిషస్ వెళ్ళినవారికైతే మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇమిగ్రేషన్ రిజిస్టర్లున్నాయి. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలై 1916లో ఆగాయి. అక్కడ ఒక్కొక్కరికీ విడి పాసు ఉంటుంది, పెళ్ళయిన స్త్రీ పాసులో తండ్రి పేరుకు, భర్తకు వేరువేరు గళ్ళున్నాయి. బర్మా వెళ్ళినవారికి ఇలాంటి జాబితాలు లేవు. మేస్త్రీల వెంట వెళ్ళారు, వచ్చారు.

ప్రశ్న: జాతకంలో అమ్మమ్మ పుట్టినచోటు "నెల్లూరు జిల్లా ఒంగోలు తాలూకా" అని ఉంది. ఇది తప్పా?
– ఒంగోలు

జవాబు: తప్పు కాదు, పైగా ఆ రాతే తేదీ చెబుతోంది. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు జిల్లా, 1972లో దాని పేరే ప్రకాశం అయింది. అంటే జాతకం రాసినవారు పాత జిల్లా పేరునే వాడారు, లేదా ఆమె మీరు అనుకున్నదానికన్నా ముందే పుట్టింది. ఇలాంటి మార్పులు చాలా ఉన్నాయి. పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడింది. చిత్తూరు 1911లో వచ్చింది, అంతకు ముందు అందులో చాలా భాగం ఉత్తర ఆర్కాటు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి. మునగాల చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, 1959లో నల్లగొండలో కలిసేదాకా కృష్ణా జిల్లా. రికార్డు గది వెతికేటప్పుడు ఇప్పటి జిల్లా కేంద్రానికి కాదు, పుట్టిన ఏట ఉన్న జిల్లా కేంద్రానికి రాయండి.

ప్రశ్న: మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. నానమ్మ పుట్టింటిపేరు చర్చిలో దొరుకుతుందా?
– గుంటూరు

జవాబు: పెళ్ళి రిజిస్టరుతో మొదలుపెట్టండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద రాసిన రిజిస్టర్లో వధూవరుల వయసు, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు ఉంటాయి. పెళ్ళి ఎక్కువగా వధువు చర్చిలో జరిగేది కాబట్టి, పుట్టింటి ఊరు తెలియకపోతే మిషన్‌ను బట్టి వెతకాలి. గుంటూరు వైపు లూథరన్, ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టు, మచిలీపట్నం వైపు ఆంగ్లికన్. కతోలికులైతే బాప్తిస్మ రిజిస్టరు చూడండి, తల్లి పేరు అందులో ఉంటుంది. ఆమె సొంత బాప్తిస్మ వరస అంచున, తర్వాత ఎక్కడ ఎవరితో పెళ్ళయిందో రాసి ఉండవచ్చు. కొన్ని లాటిన్‌లో ఉంటాయి, గళ్ళ తలకట్లు ఒకసారి తెలుసుకుంటే చాలు. మొదటి తరం వారికి బాప్తిస్మంలో పేరు మారుతుంది. మార్తమ్మగా మారిన ఆమె ఊరి భూమి కాగితాల్లో పాత పేరుతోనే ఉంటుంది.

ప్రశ్న: కాశీలోని తీర్థ పురోహితులైన పండాల దగ్గర, వంశాలు చెప్పే పిచ్చకుంట్ల వారి దగ్గర వివరాలు ఉంటాయంటారు. నమ్మవచ్చా?
– అనంతపురం

జవాబు: పండాల పుస్తకాలు నమ్మదగినవే. వచ్చినవారు తమ చేత్తో రాసి సంతకం పెట్టిన వరసలు అందులో ఉంటాయి. కాశీ, గయలలో తెలుగు జిల్లాలు చూసే పండా ఎవరో కనుక్కుని, ఇప్పటి ఊరు కాక పూర్వీకుల ఊరు, కులం, ఇంటిపేరు చెప్పాలి. ఆడవారి పేర్లు తక్కువ. కానీ గయలో మాతామహులకు కూడా పిండం పెడతారు కాబట్టి తల్లి తండ్రి పేరు రాసి ఉండవచ్చు.

పిచ్చకుంట్లు కాపు, రెడ్డి కుటుంబాలకు, కూనపులివారు పద్మశాలీలకు, డక్కలివారు మాదిగలకు వంశం చెబుతారు. గోత్రాలు, ఇంటిపేర్లు, మూలగ్రామం విషయంలో వీరి జ్ఞాపకం విలువైనది, గౌరవంగా అడిగి, సంభావన ఇచ్చి, అనుమతితో రికార్డు చేసుకోండి. ఏ ఇంటిపేరువారు ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పగలరు. ఫలానా స్త్రీ తండ్రి ఎవరన్న దానికి మాత్రం వేరే సాక్ష్యం కావాలి.

ప్రశ్న: వెతగ్గా వెతగ్గా ఒక దస్తావేజులో మా తాతమ్మ పేరే కనపడింది, ఊరు కూడా దగ్గరిదే. ఆమేనని ఎలా నిర్ధారించుకోవాలి?
– రాజమహేంద్రవరం

జవాబు: పేరు, ఊరు కలిసినంత మాత్రాన చాలదు. వెంకమ్మ, సుబ్బమ్మ, లక్ష్మమ్మ ప్రతి వీధిలోనూ ఉంటారు. భర్త పేరు, ఆయన తండ్రి పేరు, కాలం, ఈ మూడింట్లో కనీసం రెండు కలవాలి. ఆ రెండూ ఒకే మనిషి చెప్పగా వచ్చినవి కాకూడదు. మీ బాబాయిగారు చెప్పిన ఇంటిపేరు, ఆయన చెప్పగా మీ అక్క రాసుకున్న ఇంటిపేరు కలిపి ఒక్క సాక్ష్యమే.

పేరు కలవకపోయినా ఆమె కాదని తేల్చేయకండి. కోడలి పేరు, అత్తగారి పేరు ఒకటైతే పెళ్ళయ్యాక కోడలిని వేరే పేరుతో పిలిచేవారు. పుట్టింటి కాగితాల్లో ఒక పేరు, అత్తింటి కాగితాల్లో ఇంకో పేరు ఉంటాయి. "అలియాస్" అని రెండూ రాసిన కాగితం ఒక్కటి దొరికితే చిక్కు విడిపోతుంది, అది తరచు ఆమె పెద్దవయసులో రాసిన క్రయమో, పొలం తగాదాలో ఇచ్చిన వాంగ్మూలమో అవుతుంది. భాగపంపకాల దావా ఏదైనా కోర్టుకెక్కి ఉంటే, దావా కాగితాలకు జతచేసిన వంశవృక్షం ఆ జిల్లా కోర్టు రికార్డు గదిలో అడగండి. తీర్పు నకలుకు దావా నంబరు, సంవత్సరం కావాలి. ఈ నంబరు చాలాసార్లు తర్వాతి క్రయ దస్తావేజులోనే రాసి ఉంటుంది.

దొరికిన ప్రతి కాగితానికీ ఆఫీసు పేరు, పుస్తకం, వాల్యూం, పుట, దస్తావేజు నంబరు, సంవత్సరం ఫొటో తీసిన రోజే రాసిపెట్టుకోండి. ఫొటోలో మొదటి పుట ఒక్కటే కాకుండా సాక్షుల సంతకాలున్న చివరి పుట, వెనకవైపు ముద్రలు కూడా రావాలి.